చదరంగపు గళ్ళ సంఖ్యయు ప్రసంగవేదికయు

వేదాంత పత్రికలో గణితమునకు చోటేమిటని పాఠకులు అడుగవచ్చును. మన సంఘములలో ప్రసంగములు వినువారికి ఆ ప్రశ్న అంత వింతగా తోచదు. 7, 12, 40, 153, 666, 1,44,000 అను సంఖ్యలు మన ప్రసంగవేదికల మీద తరచుగా వినబడుచునే యున్నవి. ఈ సంఖ్యలకు అర్థము చెప్పుటలో మనము చూపు ఉత్సాహము, చెప్పిన లెక్కను పరీక్షించుటలో చూపుట లేదు. ఈ వ్యాసములో ఒక పెద్ద పూర్ణసంఖ్యను తీసికొని, దాని గుణములను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ పరిశీలన వాక్యసేవకునికి ఏమి నేర్పుచున్నదో చూడవలెనని నా ఉద్దేశము. ఆ సంఖ్య బైబిలులోనిది కాదు, తెలుగువారు దాదాపు వెయ్యేండ్లుగా ఎరిగినది.

1. సంఖ్య, దాని తెలుగు చరిత్ర

చదరంగపు బల్లకు 64 గళ్ళు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఈలాగు ప్రతి గడికి రెట్టింపు చేయుచు పోయినయెడల మొత్తము గింజలెన్ని? ఈ ప్రశ్నకు సమాధానము 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెల సంఖ్య. మన లెక్కలో చెప్పవలెనంటే సుమారు 1,84,467 కోట్ల కోట్లు.

క్రీ.శ. 1000 ప్రాంతమున అల్‌బెరూనీ ఈ సంఖ్యను లెక్కించి వ్రాసెను. చదరంగమును కనిపెట్టినవాడు రాజును ఈ గింజలు బహుమానముగా కోరెనను కథను 13వ శతాబ్దములో ఇబ్న్ ఖల్లికాన్ చెప్పెను. తెలుగులో ఈ సంఖ్యను తెలుపు పద్యము పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమై యున్నది. మల్లన 11వ శతాబ్దపువాడని సాధారణముగా చెప్పుదురు. రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలములో, అనగా 9వ శతాబ్దములో, మహావీరాచార్యుడు సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహమును ఆయన సారసంగ్రహ గణితమను పేర తెనిగించెను. దీనినే పావులూరి గణితమందురు.

ఇచ్చట ఒక సంగతి మనము గమనింపదగినది. మహావీరాచార్యుడు జైనుడు, మల్లన శైవుడు, అల్‌బెరూనీ మహమ్మదీయుడు. నేడు ఈ లెక్క చేయుచున్న మనము క్రైస్తవులము. గింజల మొత్తము నలుగురికిని ఒక్కటే. నీతిమంతుల మీదను అనీతిమంతుల మీదను వర్షము కురిపించు తండ్రి (మత్తయి 5:45) లెక్క చేయు బుద్ధిని కూడ అందరికిని ఇచ్చియున్నాడు. దీనిని వేదాంత పండితులు సామాన్య కృప అందురు. కావున సంఖ్యను గూర్చి మనము వేదికమీద పలుకు మాటను అన్యుడైనను సరిచూడగలడు. సరిచూచి తప్పని కనుగొనినయెడల మిగిలిన మన మాటలను కూడ అతడు నమ్మడు.

2. మొత్తము ఎట్లు వచ్చెను?

అరువదినాలుగు సంఖ్యలను కూడవలసిన పని లేదు. 1, 2 కలిపిన 3. 1, 2, 4 కలిపిన 7. 1, 2, 4, 8 కలిపిన 15. ప్రతిసారి మొత్తము తరువాతి గడికి రావలసిన గింజలకంటె ఒకటి తక్కువగా నుండును. ఒక గడిని చేర్చినప్పుడెల్ల మొత్తము రెట్టింపై ఒకటి పెరుగును, గనుక ఈ నియమము ఎన్నడును తప్పదు. 64 గళ్ళ తరువాత 65వ గడి యున్నట్లయిన దానిలో 2 యొక్క 64వ ఘాతము గింజలుండవలెను. దానిలో ఒకటి తీసివేసినదే మన సంఖ్య.

దీనిని బట్టి మరియొక గుణము తెలియుచున్నది. చివరి గడి యొక్కదానిలోని గింజలు మిగిలిన 63 గళ్ళలోని గింజలన్నిటికంటె ఒకటి ఎక్కువ.

ఎంత పెద్దదో ఊహించుటకు ఒక లెక్క చేయుదము. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుననుకొనుడి. అప్పుడు టన్నుకు 5 కోట్ల గింజలు. మన సంఖ్యను 5 కోట్లతో భాగించిన సుమారు 36,893 కోట్ల టన్నులు వచ్చును. ప్రపంచమంతటను ఏటేట పండు బియ్యము ఉరమరగా 50 కోట్ల టన్నులు. అనగా ఏడు వందల సంవత్సరములకు పైగా లోకమంతయు పండించి, ఒక్క గింజయైనను తినక దాచినగాని ఆ బల్ల నిండదు.

3. సంఖ్య యొక్క గుణములు

సంఖ్య ఎంత పెద్దదైనను దాని గుణములు కొన్నిటిని పాఠశాల విద్యతోనే తెలిసికొనవచ్చును. చివరి అంకె 5, గనుక 5 దానిని నిశ్శేషముగా భాగించును. అంకెలన్నిటిని కూడిన 87 వచ్చును. 87ను 3 భాగించును, 9 భాగింపదు. కాబట్టి మన సంఖ్యకు 3 కారణాంకమే గాని 9 కాదు.

7 సంగతి ఏమి? బైబిలులో 7 సంపూర్ణతను సూచించునని మనము బోధించుదుము. ఇంత పెద్ద సంఖ్యలో అది తప్పక ఉండవలెనని ఎవరికైనను తోచవచ్చును. పరీక్షించుదము. 2ను మూడుసార్లు గుణించిన 8. దానిని 7తో భాగించిన 1 మిగులును. 63 అనునది మూడు ఇరువది యొకట్లు, గనుక 2 యొక్క 63వ ఘాతమును 7తో భాగించినను 1 మిగులును, 64వ ఘాతమునకు 2 మిగులును, దానిలో ఒకటి తీసివేసిన మన సంఖ్యకు 1 మిగులును. 7 దీనికి కారణాంకము కాదు. మనము ఆశించిన చోట అది లేదు. సంఖ్య మన ఆశను బట్టి మారదు.

మిగిలిన కారణాంకములను కనుగొనుటకు ఒక సూత్రము చాలును. ఒక వర్గములోనుండి ఒకటి తీసివేసిన, ఆ వర్గమూలమునకు ఒకటి తక్కువైన సంఖ్యయు, ఒకటి ఎక్కువైన సంఖ్యయు దాని కారణాంకములగును. 64వ ఘాతము 32వ ఘాతమునకు వర్గము, 32వది 16వదానికి వర్గము. ఈ ప్రకారము దిగుచు పోయిన మన సంఖ్య ఈ ఆరింటి గుణలబ్ధమని తేలును: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297.

4. ఐదుగురు సాక్షులు

ఈ ఆరు సంఖ్యలకు ఒక పోలిక కలదు. 2తో మొదలుపెట్టి వర్గము చేయుచు పోయిన 2, 4, 16, 256, 65,536 మొదలగునవి వచ్చును. ఒక్కొక్కదానికి ఒకటి కలిపిన పై సంఖ్యలు వచ్చును. వీటిలో మొదటి ఐదును ప్రధాన సంఖ్యలు, అనగా 1 చేతను తమచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనివి.

ఫ్రాన్సు దేశస్థుడైన ఫెర్మా (మరణము 1665) దీనిని చూచి, ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని 1640లో తన అభిప్రాయమును తెలిపెను. ఆయన సామాన్యుడు కాడు, తన కాలపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడు. అయితే 1732లో ఆయిలర్ ఆరవ సంఖ్యను 641 నిశ్శేషముగా భాగించునని చూపెను. పాఠకులు కాగితము తీసికొని సరిచూడవచ్చును. 67,00,417ను 600తో గుణించిన 402,02,50,200. 41తో గుణించిన 27,47,17,097. రెంటిని కూడిన 429,49,67,297. ఇదే ఆరవ సంఖ్య. ఫెర్మా మాట తప్పిపోయెను. నాటినుండి నేటివరకు ఆ వరుసలో ఐదవదాని తరువాత మరియొక ప్రధాన సంఖ్య ఎవరికిని దొరకలేదు.

కాబట్టి మన సంఖ్యకు ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదియు రెండుసార్లు రాదు. ఏడు కారణాంకములు! 7 దొరకలేదని ఇంతకుముందు అనుకొంటిమి గాని ఇదిగో దొరికినదని ఎవరైనను ఇప్పుడు చెప్పవచ్చును. అట్టి ఆలోచన ఎంత సులువుగా వచ్చునో చూడుడి. ఒక చోట దొరకని 7ను మరియొక చోట వెదకినాము, వెదకువానికి ఎచ్చటనో యొకచోట దొరకును. వెదకు చోటును ముందుగా నిర్ణయించుకొనక, దొరికిన తరువాత ఇదే చోటని చెప్పుట పరీక్ష కాదు.

ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటవలన సంగతి స్థిరపరచబడవలెనని ధర్మశాస్త్రము (ద్వితీ. 19:15). జరిగిన ఒక సంగతిని కన్నులార చూచినవారి విషయములో అది న్యాయమైన నియమము. ఫెర్మాకు ఐదుగురు సాక్షులున్నను ఓడిపోయెను. ఆ ఐదును అబద్ధము చెప్పలేదు, ఒక్కొక్కటి తన్ను గూర్చి నిజమే చెప్పెను. తమను గూర్చిన సాక్ష్యమును, ఇంకను చూడని ఆరవదానికి ఆయన అన్వయించెను. పొరపాటు అచ్చట జరిగెను. బైబిలులో ఒక సంఖ్య ఐదు చోట్ల ఒక అర్థమిచ్చెనని చూపి, ఆరవ చోట కూడ అదే అర్థమని, రేపు జరుగబోవు సంగతికి కూడ అదే లెక్కయని మనము చెప్పినప్పుడు అదే పొరపాటు చేయుచున్నాము.

5. మాటలో దాగిన సంఖ్య

మల్లన పేరిటనున్న పద్యములో ఈ సంఖ్య అంకెలతో లేదు, మాటలతో ఉన్నది. ఈ పద్ధతిని భూతసంఖ్య అందురు. చంద్రుడు 1, నేత్రములు 2, అగ్ని 3, వేదములు 4, బాణములు 5, ఋతువులు 6, పర్వతములు 7, గజములు 8, రంధ్రములు 9, ఆకాశము 0. మొదటి మాట ఒకట్ల స్థానము, రెండవది పదుల స్థానము, ఈలాగు కుడినుండి ఎడమకు పోవును. "చంద్ర, నేత్ర" అన్న 21. "నేత్ర, చంద్ర" అన్న 12. ప్రతి మాటకు ఒక స్థానమున్నది, గనుక పద్యము తెలిసినవాడు సంఖ్యను తప్పక రాబట్టగలడు.

హెబ్రీ, గ్రీకు భాషలలో అక్షరములకే విలువలు కలవు. పేరులోని అక్షరముల విలువలను కూడుదురు. ప్రకటన 13:18లోని 666 ఈ విధమైన లెక్కయని అనేక వ్యాఖ్యాతల అభిప్రాయము. నీరో కైసరు అను పేరును హెబ్రీ అక్షరములలో వ్రాసిన 50, 200, 6, 50, 100, 60, 200 వచ్చును. మొత్తము 666. చివరి నూన్ అక్షరము లేకుండ వ్రాసిన 616 అగును. కొన్ని ప్రాచీన ప్రతులలో 666కు బదులుగా 616 ఉండుట ఈ అభిప్రాయమునకు బలము చేకూర్చుచున్నది.

ఈ రెండు పద్ధతులకు ఒక ముఖ్యమైన భేదమున్నది. కూడికలో స్థానము లేదు. పేరునుండి సంఖ్యకు ఒకే మార్గమున్నది, సంఖ్యనుండి పేరునకు లెక్కలేనన్ని మార్గములు. రెండవ శతాబ్దములో ఇరేనియస్ ఈ సంగతిని గ్రహించెను. ఎవాంతస్, లతైనోస్, తైతాన్ అను మూడు గ్రీకు పేర్లకును 666 వచ్చునని ఆయన చూపి, ఏదియు నిశ్చయముగా చెప్పకుండుటయే క్షేమమనెను.

మన కాలపు కరపత్రములలో మరియొక లెక్క కనబడుచున్నది. ఇంగ్లీషు అక్షరములలో ఏకు 6, బికి 12, సికి 18, ఈలాగు విలువలిచ్చి కంప్యూటర్ అను మాటను కూడుదురు. 18, 90, 78, 96, 126, 120, 30, 108 కలిపిన 666 అగును. లెక్క సరియే. అదే లెక్కను న్యూయార్క్ అను మాటకు కట్టినను 666 వచ్చును. 6 చొప్పున పెంచవలెనని యోహాను చెప్పలేదు, ఇంగ్లీషు అక్షరములు ఆయన ఎరుగడు. 666 రావలెనని ముందుగా కోరుకొని, తరువాత విలువలను ఎన్నుకొనిరి.

6. లెక్క సరి, అర్థము సరికాదు

అమెరికాలో రేడియో బోధకుడైన హెరాల్డ్ కాంపింగ్ 2011 మే 21న తీర్పుదినము వచ్చునని ప్రకటించెను. ఆయన లెక్క ఇది: 5 ప్రాయశ్చిత్తము, 10 సంపూర్ణత, 17 పరలోకము. మూడింటిని గుణించిన 850. దానిని మరల దానితోనే గుణించిన 7,22,500. క్రీ.శ. 33 ఏప్రిల్ 1 నుండి అన్ని దినములు లెక్కించిన 2011 మే 21 వచ్చునని ఆయన చెప్పెను. 850 వర్గము 7,22,500 అగుట నిజమే. 17 అనగా పరలోకమనియు, వాటిని గుణింపవలెననియు, రెండుసార్లు గుణింపవలెననియు వాక్యములో ఎచ్చటను లేదు. ఆ దినము గడచిపోయెను. 2012లో ఆయన తన పొరపాటును ఒప్పుకొని, దినము నిర్ణయింపబూనుట పాపమని పలికెను. 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని ఎదురుచూచిన విలియమ్ మిల్లర్ అనుచరుల నిరాశ మనము సంఘచరిత్రలో చదివినదే. అయినను 2011లో మరల అదే జరిగెను.

గుణకారము సరియైనందున దానికి చెప్పిన అర్థమును సరియేనని వినువారు అనుకొందురు. లెక్కకున్న నిశ్చయతను బోధకుడు తన ఊహకు అరువు తెచ్చుకొనుచున్నాడు. ఆ దినమును గూర్చి తండ్రి తప్ప మరి ఎవడును ఎరుగడని ప్రభువే చెప్పియుండగా (మార్కు 13:32) ఏ గుణకారము దానిని తెలుపగలదు?

7. పెద్దదియు అనంతమును

మరియొక పొరపాటు మనము ఎరుగకయే చేయుచుందుము. నిత్యత్వమును వర్ణించుటకు పెద్ద సంఖ్యను వాడుదుము. సముద్రతీరమునందలి ఇసుకను పక్షి ఒక్కొక్క రేణువుగా మోయుచున్నదని చెప్పి, అది ముగియువరకు అందుము. అయితే అది ముగియును. మన ఇరువది అంకెల సంఖ్యకు కూడ తరువాతి సంఖ్య కలదు. నిత్యజీవము మిక్కిలి ఎక్కువ సంవత్సరములు కాదు. అద్వితీయ సత్యదేవుని, ఆయన పంపిన యేసుక్రీస్తును ఎరుగుటయే అది (యోహాను 17:3).

ప్రకటన 9:16లోని సేన మన తెలుగు బైబిలులో ఇరువది కోట్లు. గ్రీకులో అది పదివేల పదివేలు రెండింతలు. గ్రీకులో పేరున్న సంఖ్యలలో పెద్దది పదివేలే గనుక యోహాను ఆలాగున వ్రాసెను. చదరంగపు సంఖ్య ఆ సేనకు సుమారు 9,223 కోట్ల రెట్లు. 7వ అధ్యాయములో ముద్రింపబడినవారి లెక్క 1,44,000 అని విని, వెంటనే ఎవడును లెక్కింపలేని సమూహమును ఆయన చూచెను (7:4, 9). ఆ సమూహము మనకంటె పెద్ద లెక్క తెలిసిన దేవునికి లెక్కింపలేనిది కాదు. ఆయన నక్షత్రములను లెక్కించి పేర్లు పెట్టువాడు (కీర్తన 147:4), మన తలవెండ్రుకలను లెక్కించినవాడు (మత్తయి 10:30). లేఖనములో దేవుని లెక్క మనకు ఆదరణగా ఇయ్యబడినది, భయపెట్టుటకు కాదు.

8. సంఘములో జరిగిన ఒక సంగతి

ఈ వ్యాసము వ్రాయుటకు కారణము నా తప్పిదమే. ఆధార్ నమోదు జరుగుచున్న దినములలో, ఒక కరపత్రము చదివి, పన్నెండు అంకెల గుర్తును గూర్చియు 666ను గూర్చియు మచ్చ బొల్లారంలోని మా సంఘములో నేను బోధించితిని. అది మృగపు ముద్ర అని నేను అనలేదు. కాదని కూడ అనలేదు. మా సంఘములోని ఒక విధవరాలు ఆ మాట విని నమోదుకు వెళ్ళలేదు. 2014 చివర ఆసరా పింఛనుకు అందరును దరఖాస్తులు పెట్టుకొనుచుండగా ఆమె వద్ద ఆ సంఖ్య లేదు. ఎందుకని అడిగితిని. "మీరే గదా అయ్యగారూ చెప్పినది" అనెను. ఆమెతో కూడ నమోదు కేంద్రమునకు నేనే వెళ్ళితిని. ఆలస్యమైన నెలల పింఛను ఆమెకు తిరిగి రాలేదు.

ఆ తరువాత ఆ పన్నెండు అంకెల సంగతి చదివితిని. చివరి అంకెను ముందున్న పదకొండు అంకెలనుండి వెర్హూఫ్ అను గణితజ్ఞుని పద్ధతి ప్రకారము లెక్కకట్టుదురు. వ్రాయువాడు ఒక అంకెను తప్పు వ్రాసినను, ప్రక్క ప్రక్కనున్న రెండంకెలను తారుమారు చేసినను యంత్రము పట్టుకొనును. దానిలోని రహస్యమంతయు పొరపాటును పట్టుకొనుటకే. నా ప్రసంగములోని పొరపాటును పట్టుకొనుటకు నాకు అట్టి అంకె ఒకటి లేకపోయెను.

మల్లన సంఖ్య కూడ నేడు ప్రతివాని చేతిలో నున్నది. 64 బిట్ల కంప్యూటర్లలోను ఫోన్లలోను ఒక స్థలములో ఇమిడే అతి పెద్ద పూర్ణసంఖ్య, రుణచిహ్నము లేనిది, సరిగా ఇదే. ఒక్కొక్క బిట్టు ఒక్కొక్క గడి వంటిది గనుక ఆలాగాయెను. దీనిలో భయపడవలసినది ఏమియు లేదు.

ముగింపు

సంఖ్యను వేదికమీదికి తెచ్చుటకు ముందు సేవకుడు తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగుకొనుట మంచిది. మొదటిది, ఈ లెక్కను నేను స్వయముగా కాగితము మీద చేసితినా? రెండవది, ఈ సంఖ్యకు నేను చెప్పు అర్థము ఆ వాక్యభాగములోనే యున్నదా, లేక నేను వెలుపలనుండి తెచ్చితినా? మూడవది, ఇదే పద్ధతిని మరియొక పేరునకు, మరియొక దినమునకు వాడినయెడల అదే ఫలితము వచ్చునా? మూడవదానికి సమాధానము అవునైనయెడల ఆ ప్రసంగమును చెప్పకుండుట మేలు.

బెరయవారు పౌలు చెప్పిన సంగతులను సహితము లేఖనములలో పరిశోధించి చూచిరి, దానికై ఘనులని మెచ్చుకొనబడిరి (అపొ. కా. 17:11). మన సంఘములు మనలను ఆలాగు పరీక్షింపవలెను. అయితే మా సంఘములోని ఆ తల్లి చదువుకొనలేదు. ఆమె పక్షముగా లేఖనమును, లెక్కను సరిచూడవలసిన బాధ్యత నాది.